టీకప్, టాయ్, మినీ: ఈ మాటలకు డబ్బు కట్టకుండా కుక్కపిల్లను కొనడం ఎలా?

మా పిన్నివాళ్ల బన్నుగాడు ఇంటికొచ్చినప్పుడు అరచేతిలో ఇమిడేవాడు. "టాయ్ పామ్ అమ్మా, ఇంతకు మించి పెరగదు" అని చెప్పి, అమ్మినాయన మామూలు పామ్ (పామరేనియన్) ధర మీద ఇంకో ఆరు వేలు తీసుకున్నాడు. ఏడాది తిరిగేసరికి బన్ను ఎనిమిది కిలోలు తూగాడు. వాడు అసలు పామరేనియనే కాదు, మన ఇండియన్ స్పిట్జ్. కుక్క మాత్రం బంగారం, పిన్ని ఇప్పుడు ఎవరికీ ఇవ్వదు. దండగైంది ఆ ఆరు వేలే.

అందుకే ముందుగా మాటల లెక్క తేల్చుకోండి. కుక్క జాతులకు కొలతలు పెట్టే అంతర్జాతీయ కెన్నెల్ సమాఖ్య (ఎఫ్‌సీఐ) ప్రమాణంలో టాయ్ స్పిట్జ్ అన్నా పామరేనియన్ అన్నా ఒకటే, ఎత్తు 18 నుంచి 24 సెంటీమీటర్లు. కాబట్టి 'టాయ్ పామ్' అనడం 'నడిసెంటర్' అన్నట్టే. ఆ రెండో మాటకు వేరే ధర ఉండకూడదు. 'టీకప్', 'పాకెట్', 'కల్చర్ పామ్', 'ఇంపీరియల్ షిట్జు' అనేవి ఏ కెన్నెల్ క్లబ్ ప్రమాణంలోనూ లేవు, అవి అమ్మేవాళ్లు పెట్టుకున్న పేర్లు. పూడుల్ సంగతి వేరు. అందులో టాయ్ అంటే 28 సెంటీమీటర్ల లోపు, మినియేచర్ అంటే 28 నుంచి 35 అని నిజంగానే కొలతలున్నాయి. ఎవరైనా సైజు పేరు చెబితే ఒక్కటే అడగండి: "పెద్దయ్యాక ఎన్ని కిలోలు?" పామ్ అయితే సుమారు మూడు కిలోల లోపు, చివావా కూడా మూడు కిలోల లోపే, షిట్జు నాలుగు నుంచి ఏడు కిలోలు.

తర్వాత తల్లిని చూపించమనండి. "తల్లి ఊళ్లో ఉంది, ఫోటో పంపిస్తా" అంటే అక్కడికి ఆపేయండి. ఫోటోలో ఉన్నది ఎవరి కుక్కో ఎవరికి తెలుసు? రెండు నెలల వయసులో ఇండియన్ స్పిట్జ్ పిల్లా పామ్ పిల్లా రెండూ బొచ్చు బంతుల్లాగే ఉంటాయి. పెద్ద కుక్కలో తేడా తెలుస్తుంది: ఇండియన్ స్పిట్జ్‌కు మూతి పొడుగు, చెవులు పెద్దవి. తల్లి పక్కన పిల్లలు పాలు తాగుతుంటే చూడగలిగితే మరీ మంచిది.

నోరు తెరిచి చూడటం మాత్రం మానొద్దు. 'మినీ' అని చెప్పే పిల్లల్లో చాలావాటి రహస్యం వయసే. నెల దాటిన పిల్లను రెండు నెలలదని చెబితే అది ఎలాగూ చిన్నగానే కనిపిస్తుంది. ముందు పళ్లు నాలుగో వారం ప్రాంతంలో వస్తాయి. ఎనిమిది వారాలకు దాదాపు 28 పాలపళ్లూ వచ్చేస్తాయి, చిన్న జాతుల్లో ఒకటి రెండు వారాలు అటూ ఇటూ కావొచ్చు. రెండు నెలలని చెప్పిన పిల్ల నోట్లో చిగుళ్లే కనిపిస్తుంటే ఆ లెక్క తప్పు. పైగా 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మకూడదు. బ్రీడర్‌కు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి, పిల్లకు చర్మం కింద గుర్తింపు నంబరున్న మైక్రోచిప్ వేసి ఉండాలి.

వంటింటి డిజిటల్ కాటా తీసుకెళ్లండి, నవ్వితే నవ్వనివ్వండి. చిన్న జాతుల్లో మూడు నెలల తూకానికి రెట్టింపు దాకా పెరుగుతుందని ఒక ముతక అంచనా. మూడు నెలలకే రెండున్నర కిలోలున్న పిల్ల 'టీకప్' ఎలా అవుతుంది?

మరీ చిన్నగా ఉంటే అదీ భయమే. ఒకే ఈతలో అందరికన్నా బక్కచిక్కిన పిల్లకు పేరు మార్చి ఎక్కువ ధర పెట్టడం ఈ వ్యాపారంలో ఉన్నదే. అలాంటి పిల్లకు ఒక పూట తిండి తప్పినా రక్తంలో చక్కెర పడిపోయి ఫిట్స్ రావొచ్చు. కొన్నింటికి మాడు పూడదు, మోకాలి చిప్ప జారుతుంది. నడినెత్తి మీద వేలితో మెల్లగా తడిమి చూడండి, మెత్తగా తగిలితే డబ్బు ఇచ్చే ముందే పశువైద్యుడికి చూపించండి.

ఇక బేరం. "పేపర్లతో అయితే ఇంత, లేకుండా ఇంత" అంటారు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ వంశాన్ని చెబుతుంది, పెద్దయ్యాక సైజుకు హామీ ఇవ్వదు. అందులో 'టీకప్' అనే గడి లేదు. కాగితం మీది మైక్రోచిప్ నంబరును పిల్ల ఒంట్లోని చిప్‌తో స్కానర్ పెట్టి పోల్చుకోండి. వేరే ఈత కాగితాలు అంటగడితే అక్కడే బయటపడుతుంది. వ్యాక్సిన్ బుక్‌లో సంతకం మాత్రమే కాదు, మందు సీసా స్టిక్కర్, బ్యాచ్ నంబరు ఉన్నాయో లేదో చూడండి. ఫోటో చూసి యూపీఐలో అడ్వాన్సు మాత్రం వేయకండి.

చివరగా బిల్లు. జాతి, పుట్టిన తేదీ, ఈ రోజు తూకం, 'టాయ్' అని ఎక్కువ తీసుకుంటే ఆ మాటా రాయించండి. పిన్ని దగ్గర ఆ చీటీ లేకపోబట్టే ఎవరినీ అడగలేకపోయింది. చీటీ ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. తేలకపోతే రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, ఐదు లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు కూడా లేదు.