అమెరికాలో అబార్షన్ సర్వేలను ఎలా చదవాలి

అబార్షన్ హక్కులపై అమెరికన్ల అభిప్రాయం మారిందా లేదా తేల్చుకోవాలంటే, వార్త శీర్షికలోని శాతాన్ని పక్కన పెట్టి ముందు సర్వే ప్రశ్నను వెతకండి. గాలప్, ప్యూ లాంటి అమెరికన్ సర్వే సంస్థలు తాము అడిగిన ప్రశ్నను, ఇచ్చిన జవాబులను ఉన్నదున్నట్టు ప్రచురిస్తాయి. ప్రశ్న దొరకని సర్వేను వదిలేయడమే మేలు.

గాలప్ 1975 నుంచి మూడు జవాబులిచ్చి అడుగుతోంది: ఏ పరిస్థితిలోనైనా చట్టబద్ధం, కొన్ని పరిస్థితుల్లోనే చట్టబద్ధం, ఎప్పుడూ చట్టవిరుద్ధం. 2022 మేలో ఇవి వరసగా 35, 50, 13 శాతం. మొదటి రెండూ కూడితే ‘85 శాతం మద్దతు’. చివరి రెండూ కూడితే ‘63 శాతం ఆంక్షలు కోరుతున్నారు’. రెండు శీర్షికలూ ఒకే సర్వేలోంచి పుడతాయి! మధ్యలోని ఆ 50 శాతాన్ని ఎవరి ఖాతాలో వేశారో చూడనిదే ఏ అంకెనూ నమ్మకండి.

ప్యూ పద్ధతి వేరు. అన్ని లేదా ఎక్కువ సందర్భాల్లో చట్టబద్ధం, ఎక్కువ లేదా అన్ని సందర్భాల్లో చట్టవిరుద్ధం అని నాలుగు జవాబులిస్తుంది. నడిమి జవాబు లేదు కాబట్టి తటపటాయించేవాళ్లూ ఏదో ఒక వైపు మొగ్గాల్సిందే. అందుకే నిరుటి గాలప్ అంకె పక్కన ఈ ఏటి ప్యూ అంకె పెట్టి ‘పెరిగింది’ అనకూడదు.

మార్పు కొలవాలంటే ఒకే సంస్థ, ఒకే ప్రశ్న, వేర్వేరు ఏళ్లు తీసుకోండి. ప్యూ లెక్కలో అన్ని లేదా ఎక్కువ సందర్భాల్లో చట్టబద్ధంగా ఉండాలన్నవారు 1995లో 60 శాతం, 2024లో 63. దాదాపు కదల్లేదు. గాలప్‌లో ‘ఏ పరిస్థితిలోనైనా’ అన్నవారు మాత్రం 2019లో 25 శాతం ఉంటే 2022కి 35కి చేరారు. అంటే అటువాళ్లు ఇటు రావడం కన్నా, ఉన్న మద్దతు గట్టిపడడమే ఎక్కువ జరిగిందని మా అంచనా. తేదీ కూడా చూడండి: దేశమంతటా అబార్షన్ హక్కునిచ్చిన 1973 నాటి రో తీర్పును సుప్రీంకోర్టు కొట్టేసిన డాబ్స్ తీర్పు 2022 జూన్ 24న వచ్చింది, కానీ దాని ముసాయిదా మే మొదట్లోనే బయటికి పొక్కింది, కాబట్టి ఆ మే సర్వేపైనా దాని ప్రభావం ఉండొచ్చు.

తర్వాత, ఎన్నో నెల గురించి అడిగారో చూడండి. 2023 గాలప్‌లో మొదటి మూడు నెలలకు 69 శాతం ఒప్పుకున్నారు, రెండో మూడు నెలలకు 37, చివరి మూడు నెలలకు 22. 2018లో ఇవే 60, 28, 13. కారణం చెప్పి అడిగినా అంతే. తల్లి ఆరోగ్యానికి ముప్పు అంటే అత్యధికులు సరేనంటారు, ఇక పిల్లలు వద్దనుకుంది అంటే అంకె బాగా పడిపోతుంది. ఒక స్త్రీ ప్రాణానికీ బతుకుకూ సంబంధించిన ఈ తేడాలను ఒక్క శాతంలో ముంచేయడం అన్యాయం.

అబార్షన్ హక్కుపై రాష్ట్రాల్లో ప్రజలే నేరుగా ఓటేసిన బ్యాలెట్ ఫలితాల్లో ఎక్కువమంది పొరబడేది ‘అవును’, ‘కాదు’ల దగ్గర. 2022 ఆగస్టులో కాన్సస్‌లో ‘కాదు’కు 59 శాతం పడింది, అక్కడి ప్రశ్న హక్కును తీసేయాలా అన్నది కాబట్టి అది హక్కును నిలబెట్టిన ఓటు. 2023 నవంబరులో ఒహాయోలో హక్కు పక్షాన పడింది ‘అవును’ ఓటు, దాదాపు 57 శాతం. 2024లో ఫ్లోరిడాలో కూడా హక్కుకు 57 శాతం వచ్చింది, అయినా ఓడింది. అక్కడ 60 కావాలి. ‘ఓడింది’ అన్న మాట చూసి ఫ్లోరిడా ప్రజలు హక్కును వద్దన్నారని రాస్తే అబద్ధమవుతుంది.

టెక్సస్‌లోని తెలుగువారు ఇంకొకటి గమనించాలి. పౌరులే సంతకాలు సేకరించి ఇలాంటి ప్రశ్నను బ్యాలెట్‌కెక్కించే వీలు అక్కడ లేదు. జనాభిప్రాయం తెలియాలంటే రాష్ట్రంలోనే విడిగా చేసిన సర్వే చూడాలి. వెయ్యి మందిని అడిగిన దేశవ్యాప్త సర్వేలో టెక్సస్ వాళ్లు సుమారు 90 మందే ఉంటారు. వెయ్యి మందికి 3 శాతం దాకా అటూ ఇటూ అయ్యే లెక్క, అంత తక్కువ మందికి 10 శాతం దాకా ఊగుతుంది.