ముడి చమురు ఉష్ణవాహకత లెక్కకట్టడం ఎలా?

హీట్ ఎక్స్ఛేంజర్ (ఒక ద్రవం వేడిని మరో ద్రవానికి అందించే పరికరం) డిజైన్ చేసినా, వేడి పైపులైన్ లెక్కలు వేసినా చమురు ఉష్ణవాహకత, అంటే అది వేడిని ఎంత బాగా ప్రసరింపజేస్తుందో చెప్పే అంకె, కావాలి. చాలామంది సిమ్యులేటర్ (ప్లాంట్ లెక్కలు వేసే సాఫ్ట్‌వేర్) ఇచ్చిన అంకెనే తీసేసుకుంటారు. దయచేసి అలా చేయకండి, ముందు కాగితం మీద చిన్న లెక్క వేసి చూడండి. ద్రవ హైడ్రోకార్బన్లకు ఈ విలువ మామూలుగా 0.10 నుంచి 0.15 వాట్లు (మీటరుకు, కెల్విన్‌కు) ఉంటుంది, నీటికైతే సుమారు 0.6. మీ అంకె 0.3 వచ్చిందంటే యూనిట్లలోనో, నీటి శాతంలోనో ఏదో తేడా ఉంది.

సాంద్రత ఒక్కటే తెలిస్తే క్రాగో 1929లో ఇచ్చిన సూత్రం వాడండి: 0.1172 × (1 − 0.00054 × ఉష్ణోగ్రత) ÷ స్పెసిఫిక్ గ్రావిటీ (నీటితో పోల్చిన సాంద్రత). ఉష్ణోగ్రత సెల్సియస్‌లో, గ్రావిటీ 15.6 డిగ్రీల దగ్గరిది. రాజస్థాన్ మంగళ క్షేత్రంలో దొరికే మైనం క్రూడ్‌ని గుజరాత్ తీరందాకా వేడిగా ఉంచుతూనే పంపుతారు కదా, అలాంటి నూనెకు గ్రావిటీ 0.88, ఉష్ణోగ్రత 65 డిగ్రీలు అనుకుంటే 0.129 వస్తుంది.

అయితే ఈ సూత్రాన్ని అన్నిటికీ వాడేస్తే దెబ్బతింటారు. 25 డిగ్రీల దగ్గర టోలుయిన్‌కి ఇది 0.133 ఇస్తుంది, కొలిచిన విలువ 0.131, చాలా దగ్గర. అదే హెప్టేన్‌కి 0.168 ఇస్తుంది, అసలు విలువ మాత్రం సుమారు 0.123! నూనె తేలికయ్యేకొద్దీ వాహకత పెరుగుతుందని సూత్రం అంటుంది, నార్మల్ ఆల్కేన్లలో (హెప్టేన్ లాంటి, కొమ్మలు లేని కార్బన్ గొలుసులు) జరిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం, గొలుసు పొడవయ్యేకొద్దీ పెరుగుతుంది. అందుకే నాఫ్తా లాంటి, క్రూడ్ నుంచి వేరుచేసిన తేలికపాటి భాగాలకు క్రాగోని నమ్మకండి, వాటిలో ఏ హైడ్రోకార్బన్ ఎంతుందో తీసుకుని విడివిడి విలువలను కలపండి. కలపడానికి ద్రవ్యరాశి భిన్నాలతో విలోమ వర్గాల సగటు (1 ÷ వాహకత² విలువల సగటు తీసి, దాన్నుంచి వాహకతను వెనక్కి రాబట్టడం) చాలు. హైడ్రోకార్బన్ల విలువలన్నీ దగ్గరదగ్గరగానే ఉంటాయి కాబట్టి ఏ మిక్సింగ్ రూల్ (ఇలా కలిపే పద్ధతి) మంచిదన్న వాదనతో టైమ్ వృథా చేసుకోవద్దు. ఇక అధిక పీడనం, కరిగిన గ్యాస్ ఉన్న రిజర్వాయర్ నూనె (ఇంకా భూగర్భంలోనే ఉన్న చమురు) అయితే క్రాగోలో పీడనమే లేదు, మీథేన్‌ని ఆధారంగా తీసుకునే ఎలీ–హాన్లీ (1983) తరహా పద్ధతికి వెళ్లాల్సిందే.

అసలు పెద్ద తేడా తెచ్చేది నీరు. పై నూనెలోనే 20 శాతం నీరు బిందువులుగా కలిసి ఉంటే మాక్స్‌వెల్ సూత్రం (ఒక ద్రవంలో మరొకటి బిందువులుగా ఉన్నప్పుడు వాడేది) ప్రకారం 0.129 కాస్తా 0.18కి, అంటే దాదాపు 40 శాతం ఎక్కువకి చేరుతుంది. మైనం గడ్డకట్టడం మొదలయ్యే ఉష్ణోగ్రత కింద కూడా ద్రవ సూత్రాలు పనిచేయవు. ఘన మైనం వాహకత ద్రవం కన్నా ఎక్కువ, పైపు గోడకు పట్టిన పొరను వేరుగా లెక్కించాలి.

ఎంత కచ్చితత్వం కావాలి అంటే, అల్లకల్లోల ప్రవాహంలో ఫిల్మ్ గుణకం (పైపు గోడకూ ద్రవానికీ మధ్య వేడి ఎంత సులువుగా మారుతుందో చెప్పేది) వాహకతకు సుమారు 2/3 ఘాతంలో మారుతుంది కాబట్టి ఇక్కడ 10 శాతం తప్పు అక్కడ ఆరేడు శాతం అవుతుంది. ప్రాథమిక డిజైన్‌కి అది ఫర్వాలేదు, మార్జిన్ తక్కువైతే మాత్రం ల్యాబ్‌లో హాట్ వైర్ పద్ధతితో (ద్రవంలో ముంచిన సన్నని తీగను వేడిచేసి, అది ఎంత త్వరగా వేడెక్కుతుందో చూసి కొలవడం) కొలిపించండి. రిపోర్ట్ తీసుకునే ముందు అదే పరికరంతో 25 డిగ్రీల దగ్గర టోలుయిన్ కొలిచి చూపించమనండి. 0.131 కన్నా బాగా ఎక్కువొస్తే నమూనాలో సంవహనం (వేడి ద్రవం కదలడం) మొదలై ఉండొచ్చు, ఆ రిపోర్ట్ మీ మోడల్‌లో వాడకండి.