పాటల కలెక్షన్ పోకుండా ఇంట్లో దాచుకోవడం ఎలా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి తెలుగువాళ్ల ఇళ్లలో పాటలు ఒక్క భాషలో ఉండవు. ఘంటసాల పక్కనే ఒడియా గాయకుడు అక్షయ మహంతి ఉంటాడు. నాన్నగారి క్యాసెట్లు, పిల్లల ఎంపీ3లు కలిసి చివరికి టీవీ వెనక వేలాడే ఒకే ఒక్క హార్డ్‌డిస్క్‌లోకి చేరతాయి. ఒక కన్ను కన్నూ కాదు, ఒక కొడుకు కొడుకూ కాదంటారు కదా. కొడుకుల సంగతి ఎలా ఉన్నా, హార్డ్‌డిస్క్ విషయంలో ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం.

1. ముందు ఫోన్లు, పెన్‌డ్రైవ్‌లు, పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నవన్నీ ఒకే ఫోల్డర్‌లోకి చేర్చండి. పని మొత్తం అయ్యేదాకా పాతచోట ఏదీ డిలీట్ చేయొద్దు.

2. సీడీలను, క్యాసెట్లను ఫ్లాక్ ఫార్మాట్‌లో ఎక్కించండి. సీడీ ఆడియో నిమిషానికి దాదాపు 10 ఎంబీ. ఫ్లాక్ దాన్ని నాణ్యత ఏమాత్రం తగ్గకుండా సుమారు సగానికి కుదిస్తుంది. ఉన్న ఎంపీ3లను మాత్రం ఫ్లాక్‌గా మార్చకండి. ఎంపీ3గా కుదించినప్పుడు పోయిన ధ్వని తిరిగి రాదు, సైజు పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు.

క్యాసెట్‌కి ఓపిక కావాలి. టేపు మీద తెల్లగా బూజు కనిపిస్తే ప్లేయర్‌లో పెట్టొద్దు, టేపును చదివే హెడ్ పాడవుతుంది. బాగున్న టేపునైనా ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి. ప్లేయర్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి కంప్యూటర్ లైన్-ఇన్‌కి వైరు కలిపి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రికార్డ్ చేయండి. ఎంత గట్టి స్వరం వచ్చినా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దగ్గరే ఆగేలా లెవెల్ పెట్టుకోండి. గంట క్యాసెట్‌కి గంటా పడుతుంది, దగ్గరదారి లేదు.

3. పేర్లు సరిచేయండి. ఇంగ్లిష్ అక్షరాల్లో ఘంటసాలను ఒకరు హెచ్‌తో, ఒకరు హెచ్ లేకుండా, ఇంకొకరు ఇంటిపేరుగా వాడి రాస్తే ప్లేయర్‌కి ముగ్గురు గాయకులవుతారు. ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అన్నిటినీ ఒకేసారి ఎంచుకుని ఒకే స్పెల్లింగ్ ఇవ్వొచ్చు. ఒడియా, తెలుగు విడివిడిగా కావాలంటే పాట రకం రాసే జానర్ గడిలో భాష రాసుకోండి. నిజానికి అన్నిటికన్నా విసుగు పుట్టించే పని ఇదే, రోజుకో ఆల్బమ్ చాలు.

4. రెండో డిస్క్ కొని కాపీ తీయండి. రెండు డిస్కులను పోల్చి కాపీ చేసే ఫ్రీఫైల్‌సింక్ లాంటి సాఫ్ట్‌వేర్ వాడితే కొత్తగా చేరినవి మాత్రమే ఎక్కుతాయి. ఇక్కడే జాగ్రత్త. మిర్రర్ మోడ్‌లో పెడితే, పొరపాటున అసలు డిస్క్‌లో డిలీట్ అయిన ఫోల్డర్ తర్వాతి సింక్‌లో కాపీలోంచి కూడా పోతుంది. అప్‌డేట్ మోడ్ ఎంచుకోండి, లేదా తీసేసిన ఫైళ్లను పక్కన దాచే వెర్షనింగ్ పెట్టుకోండి. కాపీ అయ్యాక డిస్క్‌ని కంప్యూటర్ నుంచి విడదీసి పెట్టండి. కరెంటు పోయి వచ్చినప్పుడు దెబ్బ తగిలినా, వైరస్ వచ్చినా అది క్షేమంగా ఉంటుంది.

5. మూడో కాపీ వేరే ఊళ్లో ఉండాలి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాను ముంచెత్తింది. ఒకే బీరువాలో రెండు డిస్కులు తడిస్తే రెండూ పోయినట్టే. విశాఖలోనో శ్రీకాకుళంలోనో అక్కగారిల్లు ఉంటే అక్కడ ఒకటి ఉంచి, దసరాకో సంక్రాంతికో వెళ్లినప్పుడు కొత్త కాపీతో మార్చుకోండి. జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి, తీరప్రాంతపు తేమ మామూలుది కాదు. ఏళ్లతరబడి కరెంటు తగలకుండా దాచడానికి ఎస్ఎస్‌డీ కంటే మామూలు హార్డ్‌డిస్కే మేలు. క్లౌడ్‌లో పెట్టుకోవచ్చు గానీ, 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌తో 500 జీబీ ఎక్కాలంటే ఆగకుండా రెండు రోజులకు పైనే పడుతుంది.

6. పరీక్షించండి. కాపీ డిస్క్‌లోంచి అక్కడొకటి ఇక్కడొకటి పాటలు వినండి. ఫ్లాక్ ఫైళ్లలో అసలు ధ్వనికి సంబంధించిన చెక్‌సమ్ (సరిచూసుకునే గుర్తు సంఖ్య) ఉంటుంది కాబట్టి, ఫైల్ చెడిందో లేదో ఫ్లాక్ సాఫ్ట్‌వేరే చెప్పేస్తుంది. డిస్క్ ఆరోగ్యాన్ని అప్పుడప్పుడు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో చూస్తుండండి. పసుపు రంగులో హెచ్చరిక కనిపిస్తే ఆ డిస్క్‌లో ఇంకేమీ రాయకుండా ముందు పాటలు బయటికి తీయండి, రిపేరు షాపు సంగతి తర్వాత.