ఆస్ట్రేలియా సెనేట్ ఓటు: తెల్ల బ్యాలెట్ నింపేదెలా?

ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్న మన తెలుగువాళ్లకు ఫెడరల్ ఎన్నికల రోజు రెండు బ్యాలెట్లు చేతికొస్తాయి. ఆకుపచ్చది ప్రతినిధుల సభకు. అందులో ప్రతి గడిలోనూ అంకె వేయాల్సిందే. చిక్కంతా తెల్లదాంతోనే. అది ఎగువసభ సెనేట్‌ది.

ఈ కాగితంలో అడ్డంగా ఒక గీత ఉంటుంది. పైన పార్టీల గడులు, కింద అభ్యర్థుల గడులు. 2016కు ముందు గీత పైన ఒక పార్టీ గడిలో 1 వేస్తే, మిగతా ప్రాధాన్యాలన్నీ (ఎవరి తర్వాత ఎవరు కావాలో చెప్పే 2, 3 లాంటి అంకెలు) ఆ పార్టీ ముందే దాఖలు చేసిన పట్టిక ప్రకారం పోయేవి. 2013లో విక్టోరియాలో సుమారు 0.5 శాతం తొలి ఓట్లు వచ్చిన అభ్యర్థి అలాగే సెనేటర్ అయ్యారు. ఓటరుకు తెలియకుండా ఓటు చేతులు మారడం అన్యాయం. ఆ పట్టికలను రద్దు చేసి మంచి పని చేశారు.

ఇప్పుడు గీత పైన పార్టీలకు 1 నుంచి కనీసం 6 దాకా, లేదా గీత కింద అభ్యర్థులకు 1 నుంచి కనీసం 12 దాకా అంకెలు వేయాలి. పైన వేస్తే ఓటు ఒక్కో పార్టీ అభ్యర్థుల్లో ఆ పార్టీ ఇచ్చిన వరుసలోనే వెళ్తుంది. ఆ వరుస నచ్చకపోతే కిందికి రండి.

ఆరు వేయాలన్నది నియమమే అయినా, పైన 1 ఒక్కటే వేసినా ఓటు చెల్లుతుంది. కానీ ఆ పార్టీవాళ్లంతా లెక్కింపులో తొలగిపోతే మీ కాగితం అక్కడే ఆగిపోతుంది. రాష్ట్రంలో ఆరు సీట్లకు ఎన్నికైతే కోటా, అంటే ఒక సీటు గెలవడానికి కావాల్సిన ఓట్లు, సుమారు 14.3 శాతం. అందుకే చిన్న పార్టీకి 1 ఇచ్చేవాళ్లు, పెద్ద పార్టీల్లో కాస్త నయమనిపించేదానికి కూడా ఎక్కడో ఒకచోట అంకె ఇవ్వాలి.

పైన 3 రెండుసార్లు పడితే 2 దాకానే లెక్క. కింద మాత్రమే నింపినప్పుడు 1 నుంచి 6 వరకు వరుస చెడితే ఓటే చెల్లదు. తప్పు పడితే కొట్టివేతలతో సరిదిద్దొద్దు. పెట్టెలో వేయకముందే సిబ్బందికిచ్చి కొత్త కాగితం అడగండి.