రూట్ కెనాల్ చేసిన పన్ను మళ్లీ ఎందుకు చెడుతుంది, మీరేం చూసుకోవాలి

ఎప్పుడో రూట్ కెనాల్ అయిపోయిన పన్నును మళ్లీ తెరిచి శుభ్రం చేయడమే నాకు రోజూ ఉండే పని. లోపల నింపిన గట్టాపెర్చా అనే రబ్బరులాంటి పదార్థం మామూలుగా గులాబీ రంగులో ఉంటుంది. చెడిన పన్నులోంచి లాగితే నల్లగా, తడిగా, కుళ్లు వాసనతో వస్తుంది. ఆ వాసన బాక్టీరియాది.

"నరం తీసేశారు కదా, నొప్పెలా వస్తుంది డాక్టర్?" అని అందరూ అడుగుతారు. లోపలున్న బాక్టీరియా వల్ల వేరు చివర చుట్టూ ఉన్న కణజాలం వాస్తుంది, నొప్పి అక్కడిది. యాంటీబయాటిక్ వేసుకుంటే వాపు తగ్గొచ్చు కానీ, నరం లేని పన్నులోకి రక్తం వెళ్లదు, మందూ వెళ్లదు. అందుకే మళ్లీ తిరగబెడుతుంది.

కొన్ని బాక్టీరియా మొదటిసారే లోపల మిగిలిపోతాయి. పై దవడ మొదటి పెద్ద పన్నుకు మూడు వేర్లున్నా కెనాల్స్, అంటే వేరు లోపలి సన్నటి దారులు, చాలాసార్లు నాలుగుంటాయి. ఆ నాలుగోది వెంట్రుకంత సన్నం, సులువుగా తప్పిపోతుంది. ఎంటరోకాకస్ ఫీకాలిస్ అనే రకమైతే మరీ మొండిది. తిండి లేకుండా చాలాకాలం బతుకుతుంది, లోపల పెట్టే కాల్షియం హైడ్రాక్సైడ్ మందును కూడా తట్టుకుంటుంది. అందుకే చికిత్సకు ముందే రబ్బర్ డ్యామ్ వాడతారా అని అడగండి. ఆ పల్చటి రబ్బరు తెర ఉంటే ఉమ్మి పన్నులోకి దిగదు. అడిగితే డాక్టర్ ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు.

మిగతా బాక్టీరియా తర్వాత దూరతాయి, ఇది చాలావరకు మీ చేతుల్లోనే ఉంది. నొప్పి పోగానే క్యాప్ సంగతి మర్చిపోతారు. టెంపరరీ ఫిల్లింగ్ కొద్ది వారాలకే అరుగుతుంది, అంచుల్లోంచి ఉమ్మి లోపలికి కారుతుంది. ఎంతో ఓపికగా శుభ్రం చేసిన పన్ను ఇలా చెడితే నాకు నిజంగా బాధేస్తుంది. పక్కా ఫిల్లింగ్‌కీ క్యాప్‌కీ తేదీలు ఆరోజే రాయించుకోండి. ఈలోపు ఫిల్లింగ్ ఊడితే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే వెళ్లండి.

ఏడాదిలోపు ఒకసారి ఎక్స్‌రే తీయించండి, నొప్పి లేకపోయినా సరే. చిగురు మీద మొటిమలాంటి పొక్కు వచ్చి పోతుంటే చీముకు దారి దొరికిందన్నమాట, అందుకే నొప్పి ఉండదు. దాన్ని నొక్కకుండా చూపించండి. మళ్లీ రూట్ కెనాల్ చేసో, వేరు చివర కోసో పన్నును చాలాసార్లు నిలబెట్టగలం. వచ్చేటప్పుడు పాత ఎక్స్‌రే తెచ్చుకోండి. కొత్తదాని పక్కన పెట్టి చూస్తే, వేరు చివర నల్లటి నీడ, అంటే ఎముక దెబ్బతిన్న చోటు, పెరిగిందో తగ్గిందో మీకే కనిపిస్తుంది.