లేజర్ చేయించుకున్నా వెంట్రుకలు పోవడం లేదా? తేడా ఎక్కడ వస్తోందో చూడండి

లేజర్ కాంతిని పీల్చుకునేది వెంట్రుకలో ఉండే మెలనిన్, అంటే నలుపునిచ్చే పదార్థం. ఆ కాంతి వేడిగా మారి కుదురును దెబ్బతీస్తుంది. చాలా ఇబ్బందులకు మూలం ఈ ఒక్క విషయంలోనే ఉంది.

సెషన్ అయిన వారానికే మళ్లీ పెరుగుతున్నాయి

పెరగడం కాదు, చాలావరకు అవి రాలిపోయే వెంట్రుకలే. కాలిన వెంట్రుకను చర్మం మెల్లగా బయటికి నెట్టడానికి 1 నుంచి 3 వారాలు పడుతుంది. అప్పటిదాకా చేతికి గరుకుగా, నల్లటి చుక్కల్లా తగులుతాయి. పీకకండి, వాటంతటవే రాలతాయి.

మూడు సెషన్లయినా తగ్గలేదు

వెంట్రుకలన్నీ ఒకేసారి పెరిగే దశలో ఉండవు. ఆ దశలో ఉన్నవాటికే లేజర్ బాగా తగులుతుంది. అందుకే ముఖానికి 4-6 వారాలకోసారి, ఒంటికి 6-8 వారాలకోసారి చొప్పున సాధారణంగా 6 నుంచి 8 సెషన్లు కావాలి. మధ్యలో థ్రెడింగో వ్యాక్సింగో చేయించారా? కుదురుతో సహా వెంట్రుక ఊడిపోయాక కాంతి పట్టుకోవడానికి అక్కడేమీ మిగలదు. సెషన్‌కు కనీసం 4 వారాల ముందే అవి ఆపేయాలి. షేవింగ్ ఫర్వాలేదు, ముందు రోజు చేసుకుని వెళ్లాలి కూడా.

ఒక్క వెంట్రుకా లేకుండా పోతుందని ఎవరైనా మాటిస్తే నమ్మకండి. బాగా తగ్గుతాయి, సన్నబడతాయి, అప్పుడప్పుడూ మరో సెషన్ అవసరమవుతుంది. తెల్ల వెంట్రుకల్లో మెలనిన్ ఉండదు కాబట్టి వాటికి ఎలక్ట్రాలిసిస్ (సన్నటి సూదితో కుదురుకు కరెంటు పంపే పద్ధతి) ఒక్కటే దారి.

గడ్డం, మెడ మీద ఇంకా ఎక్కువయ్యాయి

నెలసరి కూడా సరిగా రాకపోతే పీసీఓఎస్ (హార్మోన్లు, అండాశయాలకు సంబంధించిన సమస్య) ఉందేమో పరీక్ష చేయించుకోండి. హార్మోన్లు కొత్త వెంట్రుకలను పుట్టిస్తూ ఉంటే లేజర్ ఒక్కటే గెలవదు. అరుదుగా లేజర్ వల్లే చుట్టుపక్కల వెంట్రుకలు పెరగడమూ ఉంది. అలాంటప్పుడు అదే పద్ధతిలో కొనసాగించకుండా చర్మ వైద్యులకు చూపించండి.

ఎర్రబడింది, బొబ్బలొచ్చాయి, మచ్చ పడింది

వెంట్రుక కుదురు దగ్గర చిన్న చిన్న పొంగులు, ఎరుపు మామూలే. చల్లటి గుడ్డ వేస్తే ఒకట్రెండు రోజుల్లో తగ్గుతాయి. బొబ్బలు మాత్రం మామూలు కాదు. మెలనిన్ చర్మంలోనూ ఉంటుంది. ముదురు రంగు చర్మమైనా, ఎండకు నల్లబడిన చర్మమైనా కాంతిలో కొంత పైపొరే పీల్చుకుని కాలుతుంది. 755 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న అలెగ్జాండ్రైట్ రకం లేజర్‌తో ఈ ముప్పు ఎక్కువ. 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ రకం లేజర్ పైపొరను దాటి లోతుకు వెళ్తుంది కాబట్టి ముదురు చర్మానికి అదే భద్రం. మొదలుపెట్టకముందే మెషీన్ ఏదో అడగండి, కొంచెం చోట టెస్ట్ ప్యాచ్ చేయమనండి. అడగడానికి మొహమాటపడకండి, చర్మం మీది.

బొబ్బను చిదమకండి, వెంటనే డాక్టర్‌కు చూపించండి. మచ్చలు సాధారణంగా కొన్ని నెలల్లో పలచబడతాయి. అందాకా ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ మానొద్దు.

నొప్పికి భయపడి చర్మాన్ని మొద్దుబార్చే క్రీమును కాళ్లంతా దట్టంగా పూసి ప్లాస్టిక్ కవర్ చుట్టుకోవడం చాలా ప్రమాదం. మందు రక్తంలోకి ఎక్కువగా చేరి ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. రబ్బరు బ్యాండు చురుక్కున తగిలినంత నొప్పి ఉంటుంది. అంతకు మించి మండుతుంటే ఓర్చుకోకండి, అక్కడికక్కడే ఆపమనండి.