పిల్లల్ని పోటీ ఈతలో చేర్పించడం – మూడో పాఠం: ట్రయల్‌కి ముందు నెల

కిందటి పాఠంలో పూల్‌ని ఎలా చూసుకోవాలో చెప్పుకున్నాం. నీళ్లు అడుగుదాకా కనపడుతున్నాయా, ఒడ్డున లైఫ్‌గార్డ్ ఉన్నాడా, ఒక్కో లేన్‌లో ఎంతమందిని దింపుతున్నారు, వేసవి క్యాంపు అయిపోయాక కూడా కోచింగ్ నడుస్తుందా, ఇవన్నీ. ఇప్పుడు అసలు పని. ఏడాది పొడవునా ప్రాక్టీసు చేసే టీమ్‌లో ఏడెనిమిదేళ్ల పిల్లని చేర్చుకోమంటే కోచ్ ముందు ఒకసారి నీళ్లలో దింపి చూస్తాడు. దానికి పిల్లని ఎలా సిద్ధం చేయాలన్నది ఈ పాఠం.

ట్రయల్ అంటే అవతలి గోడ ఎవరు ముందు ముట్టుకున్నారని చూడటం కాదు. ఆ వయసులో వేగం చాలావరకు ఎత్తుని బట్టి, ఒంటిని బట్టి వస్తుంది, రెండేళ్లు తిరిగేసరికి ఆ వరస అంతా తారుమారైపోతుంది. కోచ్ కళ్లు వేరేచోట ఉంటాయి: పిల్ల నీళ్లమీద పడుకున్నట్టు తేలుతోందా, ఊపిరి కోసం కొట్టుకుంటోందా, చెప్పింది వింటోందా. చాలాచోట్ల అడిగేది కూడా ఇంతే, ఆగకుండా 25 మీటర్లు ఫ్రీస్టైల్ (బోర్లా, చేతులు ఒకదాని తర్వాత ఒకటి వేస్తూ), 25 మీటర్లు బ్యాక్‌స్ట్రోక్ (వెల్లకిలా). రెండు చేతులూ ఒకేసారి ముందుకి విసిరే బటర్‌ఫ్లై జోలికి ఇప్పుడు పోకండి, యూట్యూబ్ చూసి అసలే పోకండి.

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇంకో తిరకాసు ఉంది. చాలామంది పిల్లలకి ఈత ముందే వచ్చి ఉంటుంది. నడుముకి సొరకాయ బుర్రలు కట్టో, లారీ ట్యూబు ఇచ్చో, లేదంటే మేనమామ నూతిలోకి తోసేసో నేర్పేసి ఉంటారు. అందుకే పూల్‌కి ఫీజు కడతానంటే తాతయ్య ఒప్పుకోడు, "మా గుంటడు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి బేగి ఎలిపోతాడు, ఆడికి మళ్లీ నేర్పీదేటి?" అంటాడు. ఆయన మాటలో నిజం లేకపోలేదు, నీళ్లంటే భయం లేకపోవడం చిన్న విషయం కాదు, పట్నం పిల్లలకి ఆ భయం పోవడానికే నెలలు పడుతుంది. కానీ చెరువులో ఎదర గుర్రపుడెక్క ఉంటుంది, గేదెలు ఉంటాయి, అవతలి నుంచి ఇంకెవడో దూకుతాడు, చూసుకుంటూ వెళ్లాలి కాబట్టి తల పైకెత్తే ఈదుతారు. పూల్‌లో ఆ అలవాటే అడ్డం. తక్కెడలా ఒక వైపు లేస్తే రెండో వైపు దిగుతుంది, తల లేచిందంటే నడుం, కాళ్లు మునుగుతాయి, ఒళ్లంతా ఏటవాలుగా నీళ్లని నెట్టుకుంటూ పోవాల్సి వస్తుంది. పది పదిహేను మీటర్లకే ఆయాసం.

దీన్ని మాటలతో చెప్పి మాన్పించలేరు. పిల్ల ఛాతీ లోతు నీళ్లలో మీరు పక్కనే నిలబడి బోర్లా తేలమనండి, చేతులు ముందుకి చాపి, చూపు సూటిగా అడుగున ఉన్న టైల్స్ మీద. తేలింది కదా, ఇప్పుడు తల ఎత్తి ఎదర గోడ చూడమనండి. కాళ్లు వాటంతట అవే దిగిపోతాయి. మళ్లీ చూపు కిందకి దించమనండి, కాళ్లు లేస్తాయి. నాలుగైదు సార్లు చేస్తే సంగతి పిల్లకే తెలిసిపోతుంది, ఆ తర్వాత మీరు "తల, తల" అని గొంతు చించుకోనక్కర్లేదు. అన్నట్టు, ఫోమ్ బోర్డు పట్టుకుని గంటలు గంటలు కాళ్లు కొట్టించే పద్ధతి నాకు నచ్చదు, మొహం బయట పెట్టుకుని చేస్తారు కాబట్టి చెరువు అలవాటే మళ్లీ ముదురుతుంది. బోర్డు ఇచ్చినా మొహం నీళ్లలో పెట్టించండి.

ఇక ఊపిరి. సగం కంటే ఎక్కువ టైమ్ మీరు దీనిమీదే పెట్టాలంటాను, మిగతావన్నీ తర్వాత కోచ్ సరిచేసుకుంటాడు. పిల్లలు చేసేదేమిటంటే, నీళ్లలో ఉన్నంతసేపూ గాలి బిగపట్టి, మొహం బయటికి రాగానే ఆ గాలి వదిలి, వెంటనే కొత్తగాలి పీల్చబోతారు. ఉన్న అరక్షణంలో రెండు పనులూ అవవు. సగం వదిలి సగం పీలుస్తారు, నాలుగు సార్లు అలా అయ్యేసరికి లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి గుండెలు ఎగిసిపడతాయి. "స్టామినా లేదు, గుడ్లు పెట్టండి" అంటారు చూసినవాళ్లు. గుడ్లు పెట్టండి, మంచిదే, కానీ రోగం అది కాదు. వదలడం నీళ్లలోనే జరిగిపోవాలి, బయట పీల్చడం ఒక్కటే ఉండాలి.

దీనికి పూల్ కూడా అక్కర్లేదు. వెడల్పాటి బేసిన్‌లో నీళ్లు పోసి పిల్లని దాని ముందు మోకాళ్లమీద కూర్చోబెట్టండి. మొహం చెవులదాకా ముంచి, నోరు మూసుకుని "మ్‌మ్‌మ్" అని కూనిరాగం తీయమనండి, ముక్కులోంచి బుడగలు సన్నగా, ఆగకుండా రావాలి. బుడగలు అయిపోవస్తుండగా తల ఎత్తకుండా పక్కకి తిప్పాలి. ఒక చెవి, ఒక కన్ను నీళ్లలోనే ఉండిపోవాలి, నోరు మాత్రం బయటికి రావాలి, గబుక్కున పీల్చి మళ్లీ మొహం లోపలికి. మొదట్లో తల మొత్తం లేపేస్తారు, మీ చెయ్యి నెత్తిమీద ఊరికే ఆనించి ఉంచితే చాలు, నొక్కకండి. కుడివైపు పది, ఎడమవైపు పది, స్నానానికి ముందు రోజూ. మీరు పక్కనుండగానే చేయించాలి, పనైపోగానే నీళ్లు పారబోయాలి, చంటిపిల్లలున్న ఇంట్లో మరీ.

ఇక్కడే ఒక మాట. అన్నదమ్ములు కలిస్తే "ఎవరు ఎక్కువసేపు మునిగి ఉంటారు" అని పందెం మొదలవుతుంది. ఒప్పుకోకండి. పదేపదే గట్టిగా ఊపిరి పీల్చి వదిలి ఆ తర్వాత మునిగినవాళ్లు, ఊపిరి ఆడటం లేదన్న సంగతే తెలియకుండా నీళ్లలో స్పృహ తప్పుతారు. బాగా ఈత వచ్చినవాళ్లకీ జరుగుతుంది.

గోడని తన్ని జారడం మూడోది. రెండు చేతులూ పైకి చాపి, అరచేయి మీద అరచేయి పెట్టి, జబ్బలు చెవులకి ఆనించి, గోడని రెండు పాదాలతో తన్ని వదిలేయాలి, చేతులు కాళ్లు ఆడించకూడదు. పోటీలు పెట్టే పూల్‌లో గోడకి 5 మీటర్ల దూరంలో పైన చిన్న జెండాల తాడు కడతారు, బ్యాక్‌స్ట్రోక్‌లో వెల్లకిలా వచ్చేవాళ్లకి గోడ దగ్గరపడిందని తెలియడానికి. ఆ జెండాల కిందకి ఊరికే జారి వెళ్లగలిగిన పిల్లని కోచ్ రెండోసారి చూస్తాడు. కాళ్ల సంగతి: సైకిల్ తొక్కినట్టు మోకాళ్లు మడిచి కొడుతుంటే నురగ తప్ప కదలిక ఉండదు. కదలిక తొడ మొదట్లోంచి రావాలి, చీలమండ వదులుగా ఉండాలి.

వినడం గురించి. లేన్‌లో ఒక పక్కన వెళ్లి రెండో పక్కన తిరిగి రావడం, ముందు పిల్ల వెళ్లాక కాస్త ఆగి బయల్దేరడం, కోచ్ మాట్లాడుతుంటే నీళ్లు చిమ్మకపోవడం, ఇవి ఇంట్లో చెప్పి పంపండి. ఆ రోజు మీరు మాత్రం గట్టుమీద నుంచి "కాళ్లు కొట్టరా" అని అరవకండి. పిల్ల మీవైపు చూడటానికి తల ఎత్తుతుంది, నెలరోజుల పని గోవిందా.

ఎప్పుడు వెళ్లాలి? ఏప్రిల్, మే నెలల్లో వద్దు. అప్పుడు క్యాంపు జనం, కోచ్‌కి ఊపిరి తీసుకోవడానికి తీరిక ఉండదు. జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు, పూల్ ఖాళీ అవుతుంది, ఎవరు నిలబడతారా అని కోచ్ కూడా చూస్తుంటాడు. అప్పుడు అడగండి. ఈ వయసుకి వారానికి మూడు రోజులు, ముప్పావుగంట నుంచి గంట చాలు. మొదటి నెల నుంచే ఆరు రోజులు రమ్మంటే ఎందుకని అడగండి. సిరిమాను పండక్కి ఒక రోజు మానేస్తే కొంప మునగదు, కానీ దసరాకి మానేసినవాళ్లు చలి వంకతో సంక్రాంతి దాటాక కనపడటం మన దగ్గర మామూలే. నవంబర్ నుంచి జనవరి దాకా తెల్లవారుజామున నీళ్లు చల్లగా ఉంటాయి, చిన్నపిల్లల ఒళ్లు బేగి చల్లబడిపోతుంది. పెదవులు నీలంగా మారితే కోచ్ ఏమన్నా సరే బయటికి తీయండి. ఆ మూడు నెలలూ సాయంత్రం బ్యాచ్ దొరికితే అదే మేలు. పొద్దున్నే వెళ్లేటప్పుడు ఒక అరటిపండు, వచ్చాక చోడి అంబలో, ఇడ్లీ గుడ్డో. బండిమీద ఇంటికొచ్చేటప్పుడు మంకీ క్యాప్ మరిచిపోకండి.

సామాన్లకి ఎక్కువ ఖర్చుపెట్టకండి. ఈత కళ్లద్దాలు కొనేముందు తాడు వేయకుండా కళ్లకి మెల్లగా నొక్కి చూడండి, ఒక్క క్షణం వాటంతట అవి అతుక్కుని నిలిస్తే మొహానికి సరిపోయినట్టే. అమ్మాయిలకి తలకి నూనె రాసి పంపకండి, క్యాప్ జారిపోతుంది, పూల్‌వాళ్లు కూడా ఊరుకోరు. దిగేముందు జుట్టు మామూలు నీళ్లతో బాగా తడిపితే క్లోరిన్ నీళ్లు తక్కువ పీలుస్తుంది.

కాగితాల పని ఇప్పుడే మొదలుపెట్టండి. పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్, బడి రికార్డు, మూడింట్లోనూ పేరు, తేదీ ఒకేలా ఉండాలి. ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరం ఉంటుంది, ఎంట్రీ ఇచ్చే రోజు దాకా ఎవరూ చూసుకోరు. బడి పోటీలు అండర్ 14, 17, 19 అని వయసు మీదే నడుస్తాయి కాబట్టి తేదీ తేడా వస్తే పిల్ల గట్టుమీదే ఉండిపోతుంది.

ఈ వారం ఇంటిపని: బేసిన్ బుడగలు రోజూ, బోర్లా తేలడం పూల్‌కి వెళ్లిన ప్రతిసారీ ముందు ఐదు నిమిషాలు. నాలుగో పాఠం బ్రెస్ట్‌స్ట్రోక్ (కప్ప ఈత లాంటిది) మీద. అందులో మలుపు దగ్గరా, చివరా రెండు చేతులూ ఒకేసారి గోడని తాకాలి, ఒక్క చేత్తో ముట్టుకున్నందుకే చిన్నపిల్లలు చాలామంది డిస్‌క్వాలిఫై అవుతుంటారు. అప్పటిదాకా మీ పిల్ల ఏ చేత్తో గోడ ముట్టుకుంటోందో చూసి పెట్టుకోండి.